దోరు ఒడ్డున అమ్మతో ఒక రోజు

"వైను కాచే ఊళ్ళు చూడ్డానికా? అదీ మీ అమ్మగారిని వెంటబెట్టుకునా!" ఫోన్లో మా అత్తగారి గొంతులో ఆశ్చర్యం కన్నా అనుమానమే ఎక్కువ వినిపించింది. "అబ్బే, ద్రాక్షతోటలు చూడ్డానికండీ..." అని నసిగాను. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల బెరుగ్గానే ఉంది. మా ఇంటా వంటా లేని వ్యవహారం కదా మరి!

2024 సెప్టెంబరులో నేనూ, అమ్మా పోర్చుగల్ దేశంలోని పోర్టో నగరానికి వెళ్ళాం. మా తమ్ముడు అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. ఒకరోజు వాడికి సెలవు దొరక్క, మా ఇద్దరికీ గైడుతో వెళ్ళే టూరుకి టిక్కెట్లు కొనేశాడు. పొద్దున ఎనిమిదిన్నరకి వ్యాను ఎక్కితే సాయంత్రానికి తిరిగి దింపేస్తారు. "పోర్టో వచ్చి దోరు లోయ చూడకపోవడమంటే రాజమండ్రి వచ్చి గోదారి చూడకపోవడమే అక్కా" అన్నాడు. మెట్లు దిగుతుంటే మాత్రం నా చెవిలో మెల్లగా, "తోట సంగతి ఇవాళ నువ్వే కదుపు. నేనెత్తితే అమ్మ మాట మార్చేస్తోంది" అన్నాడు.

ఆ తోట సంగతేమిటో మీకు చెప్పాలి. కోనసీమలో మాకు మూడెకరాల కొబ్బరితోట ఉంది. 1995లో నాన్నగారు హఠాత్తుగా పోయేనాటికి అమ్మకి ముప్ఫై ఒకటి. నాకు తొమ్మిది, తమ్ముడికి ఐదు. ఏడాది తిరక్కుండానే, 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన తుపాను వచ్చింది. తెల్లారేసరికి మా తోటలో సగానికి పైగా చెట్లు నేలమీదున్నాయి. "ఆడదానివి, వ్యవసాయం ఏం చేస్తావమ్మా, వచ్చిన కాడికి అమ్మేసి పిల్లలతో పట్నం పో" అన్నారు అందరూ. అమ్మ పోలేదు. పడిన చెట్లు తీయించి, కొబ్బరి మొక్కలు నాటించి, అవి కాపుకొచ్చేదాకా మధ్యలో అరటి వేసి, ఆ గెలల డబ్బుతో మమ్మల్నిద్దర్నీ చదివించింది. ఇప్పుడు అదే మాట, "అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యి" అని, చెప్పాలనుకుంటున్నది మేమే!

కొండంతా దువ్వెన గుర్తులే

వ్యానులో మేం ఎనిమిదిమందిమి. గైడు పాతికేళ్ళ పిల్ల. ఇంగ్లీషు ఎంత విడమరిచి మాట్లాడుతుందంటే, అమ్మకి నేను తెలుగులో చెప్పేలోపే సగం అర్థమైపోయేది. ఊరు దాటాక మరావ్ కొండల్ని తొలిచిన సొరంగంలో దూరాం. అయిదున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు. 2016లో తెరిచారట. అది దాటాక దారి దిగుడు పట్టింది, మలుపు మీద మలుపు. వాంతులయ్యే వాళ్ళు ముందు సీటు అడిగి కూర్చోవడం మంచిది. మేం ఉప్పూ నిమ్మకాయా పెట్టుకుని వెళ్ళాం, పనికొచ్చాయి.

ఒక మలుపు తిరిగేసరికి లోయ మొత్తం కళ్ళముందు పరుచుకుంది. కింద ఎక్కడో ఆకుపచ్చగా నది. రెండు పక్కలా నిలువు కొండలు. ఆ కొండల్ని అడుగునుంచి కొసదాకా మెట్లు మెట్లుగా చెక్కి ద్రాక్ష వేశారు. "ఎవరో కొండకి దువ్వెన పెట్టి దువ్వినట్టుందే!" అంది అమ్మ.

దోరు నది స్పెయిన్‌లో పుట్టి, దాదాపు 900 కిలోమీటర్లు ప్రయాణం చేసి పోర్టో దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి కొండలు పలకలు పలకలుగా విరిగే షిస్ట్ రాయి. మట్టి తక్కువ. ఆ రాళ్ళనే పగలగొట్టి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడలు కట్టి, వాటి వెనక మట్టి నింపి తీగలు నాటారు. తరతరాలుగా మనుషులు చేత్తో చేసిన పని! వేసవిలో ఎండ మనకేమీ తీసిపోదు, నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగలు వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని తీగలకిస్తుంది, రాళ్ళ సందుల్లోంచి వేళ్ళు లోతుకు పోయి నీళ్ళు వెతుక్కుంటాయి అని గైడు చెప్పింది.

1756లోనే అప్పటి ప్రధాని, మార్క్విస్ ఆఫ్ పొంబాల్, ఫలానా హద్దుల్లో పండిన ద్రాక్షతో చేసిందే పోర్ట్ వైన్ అని నిర్ణయించి, హద్దుల వెంట గ్రానైట్ రాళ్ళు పాతించాడు. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మోసేదెవరు, కోసేదెవరు?

పిన్యావ్ అనే చిన్న ఊళ్ళో ముందు రైల్వేస్టేషన్‌కి తీసుకెళ్ళారు. స్టేషన్‌లో చూసేదేముంటుందనుకున్నాం. గోడల నిండా నీలిరంగు పింగాణీ పలకల బొమ్మలు! 1937 నాటివట, మొత్తం 24 చిత్రాలు. ద్రాక్ష కోతలు, ఎడ్లబళ్ళు, పీపాలతో పడవలు... అన్నీ అక్కడే. అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి ఆగి చూసింది. "కోసేవాళ్ళంతా ఆడవాళ్ళే. బుట్టలు మోసేది మగవాళ్ళు. కూలి ఇద్దరికీ ఒకటేనా అడుగు" అంది.

అడిగాను. గైడు నవ్వేసి, "పూర్వం ఆడవాళ్ళకి తక్కువే ఇచ్చేవారు" అంది. గుత్తులు కత్తిరించడం ఆడవాళ్ళ పని, యాభై కిలోలు దాటిన బుట్టల్ని వీపుమీద మోస్తూ వరసగా కొండ దిగడం మగవాళ్ళ పని. రాతి తొట్లలో ద్రాక్షను కాళ్ళతో తొక్కడమూ మగవాళ్ళదే. రోజంతా కోసి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి పాటలు పాడేవారట. "మన ఊడ్పులూ అంతే కదా, నడుం వంచేది ఆడది, గట్టుమీద లెక్క రాసేది మగాడు" అంది అమ్మ. ఆ మాట గైడుకి చెబితే తన చిన్న పుస్తకంలో రాసుకుంది!

అక్కణ్ణుంచి పడవ. పాతకాలంలో వైను పీపాల్ని పోర్టోకి ఎదురుగా ఉన్న గాయా పట్టణానికి చేరవేసిన రబేలో పడవల తీరులోనే కట్టిన చెక్క పడవ. గంటసేపు నదిమీద తిప్పారు. పాపికొండలు చూసినవారికి ఆ సుఖం తెలిసే ఉంటుంది. ఇప్పుడు నీళ్ళు చెరువులా నిమ్మళంగా ఉన్నాయి గానీ, పూర్వం ఈ నదంటే అందరికీ హడలేనట. 1970లనుంచి ఆనకట్టలు కట్టాక శాంతించింది. పోర్చుగల్ లోపల ఈ నదిమీద పడవలు దాటడానికి లాకులున్న ఆనకట్టలే అయిదున్నాయి. లాకులంటే మా ధవళేశ్వరం వైపు వాళ్ళకి వేరే చెప్పాలా!

ముప్ఫై మూడేళ్ళకే...

ఆ పడవలోనే విన్నాం దోనా అంతోనియా కథ. 1811లో ఈ లోయలోనే, రేగ్వా దగ్గర, ద్రాక్షతోటలున్న ఇంట్లో పుట్టింది. దగ్గరి బంధువునే చేసుకుంది. 1844లో భర్త పోయాడు. అప్పటికి ఆమెకి ముప్ఫై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. 

నేను తెలుగులో చెబుతూ ఉంటే అమ్మ నీళ్ళకేసి చూడ్డం మానేసి నాకేసి తిరిగింది.

భర్త వదిలిన తోటల్ని ఆవిడ తన చేతుల్లోకి తీసుకుంది. రాళ్ళగుట్టలు కొని తోటలు వేయించింది. దేశంలో మహా పలుకుబడి ఉన్న సల్దాన్యా డ్యూకు తన కొడుక్కి ఆవిడ కూతుర్ని ఇమ్మని బలవంతపెడితే, పసిపిల్లనిచ్చేది లేదని కూతురితో సహా దేశం దాటి లండన్ వెళ్ళిపోయింది. 1861లో నదిలో ఒక సుడి దగ్గర వీళ్ళ పడవ తిరగబడింది. ఆ నదికి పటాలు గీసిన ఫారెస్టర్ అనే వ్యాపారి మునిగిపోయాడు. అంతోనియా బతికింది. ఆ కాలపు బుట్ట గౌను గాలి పట్టి ఆవిణ్ణి పైన తేల్చిందనీ, ఆయన నడుముకున్న నాణేల సంచి ఆయన్ని ముంచిందనీ చెప్పుకుంటారు.

అంతకన్నా పెద్ద ఆపద తర్వాత వచ్చింది. 1860ల్లో ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు ద్రాక్షవేళ్ళను పట్టింది. కొండలకి కొండలు ఎండిపోయాయి. పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ళమీద తమ తీగల్ని అంటుకట్టి మళ్ళీ మొదట్నుంచి నాటుకోవాల్సి వచ్చింది. ఆ శక్తి లేనివాళ్ళు వదిలేసిన మెట్లు ఇప్పటికీ పిచ్చిమొక్కలతో కనబడతాయి. ఆ కష్టకాలంలోనూ అంతోనియా రైతుల దగ్గర వైను కొంది, వందలమందికి పని చూపించింది. 1896లో పోయేనాటికి ఆవిడ చేతిలో ఇరవైకి పైగా తోటలున్నాయి. ఇప్పటికీ లోయ జనం ఆవిణ్ణి 'ఫెర్రెయిరిన్యా' అని ముద్దుగా పిలుచుకుంటారు.

"మళ్ళీ నాటిందన్నమాట" అంది అమ్మ. అంతే. ఇంకేం అనలేదు.

గ్లాసు ముందు పరీక్ష

మధ్యాహ్నం కొండమీద ఒక తోటకి వెళ్ళాం. కోతలు జరుగుతున్నాయి. ఊళ్ళలో కుర్రకారు పట్నాలకి పోయి, కోతలకి మనుషులు దొరకడం కష్టమైపోయిందట. అందుకే బయటి దేశాలవాళ్ళు కూడా వస్తున్నారు. తలపాగా చుట్టుకున్న పంజాబీ కుర్రాడొకడు అమ్మ చీర చూసి, కత్తెర ఎత్తి "నమస్తే ఆంటీ" అన్నాడు! అమ్మ వెంటనే వాడికి బ్యాగులోంచి జంతికలు తీసిచ్చింది.

ద్రాక్షరసం పులుస్తుండగానే, సగంలో, ద్రాక్షనుంచే తీసిన ఘాటైన సారాను అందులో కలుపుతారు. దాంతో పులియడం ఆగిపోతుంది, పండులోని తీపి మిగిలిపోతుంది. పోర్ట్ వైను తియ్యగానూ, మామూలు వైను కన్నా ఘాటుగానూ ఉండటానికి కారణం అదే. తర్వాత ఏళ్ళ తరబడి పీపాల్లో ఉంచుతారు.

రుచి చూసే బల్ల దగ్గర అమ్మకి ద్రాక్షరసం ఇచ్చారు. నాకు చిన్న గ్లాసు పెట్టారు. నేను అమ్మకేసి చూశాను. "నన్నెందుకు చూస్తావు? నలభైకి వస్తున్నావు, నీ ఇష్టం" అంది! నాలిక్కి తగిలించి పెట్టేశాను. ఖర్జూరప్పాకం తాగుతుంటే మధ్యలో దగ్గుమందు పోసినట్టుంది. రుచి తెలిసినవాళ్ళు నన్ను క్షమించాలి.

భోజనంలో శాకాహారం కావాలని ముందే చెప్పాం కాబట్టి సూపూ, కూరగాయలూ, రొట్టే పెట్టారు. ఆ తోటలో తీసిన ఆలివ్ నూనెలో రొట్టె అద్దుకుని, పక్కన మా ఆవకాయ వేసుకుని అమ్మ తృప్తిగా తింది.

తిరుగు ప్రయాణంలో తోట సంగతి ఎలా ఎత్తాలా అని నేను సతమతమవుతుంటే, అమ్మే నా మోచెయ్యి తట్టి, "ఆ పిల్లని ఒకటడుగు. అంతోనియా తర్వాత వాళ్ళు ఆ తోటలు ఉంచారా, అమ్మేసుకున్నారా?" అంది.

గొంతు పెగల్చుకుని అడిగాను. గైడు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ పేరుతో నడిచిన వ్యాపారం 1987లో వేరే సంస్థ చేతికి పోయింది. కానీ చివరి రోజుల్లో బీడుభూమిని బాగుచేయించి వేసిన వాలె మెయావ్ తోట మాత్రం ఇప్పటికీ ఆవిడ వారసుల దగ్గరే ఉంది.

"అయితే రెండూ చేశారన్నమాట" అని అమ్మ కిటికీలోకి తిరిగిపోయింది.

రాత్రి తమ్ముడు కళ్ళతోనే 'అడిగావా?' అన్నాడు. నేను అడ్డంగా తలూపేలోపే అమ్మ అందుకుంది. "అక్క అడగలేదురా. నేనే చెబుతున్నా. దింపుకి మనిషి దొరకట్లేదు, నా మోకాళ్ళూ ఒప్పుకోవట్లేదు, నాకు తెలీదా? రోడ్డువైపు ఎకరం కౌలుకిచ్చేస్తాను. మిగతాది నేనున్నన్నాళ్ళూ నాది. ఆ తర్వాత మీ ఇష్టం. కానీ అమ్మే ముందు ఓ ఏడాదిపాటు దాని లెక్కలు రాసి చూడండి. రాయకుండా అమ్మేస్తామంటే ఒప్పుకోను."

మీలో ఎవరైనా అటు వెళ్తే నావి రెండే సలహాలు. సెప్టెంబరు కోతల్లో వెళ్ళండి, జారని చెప్పులు వేసుకోండి. వైను తాగకపోయినా చూడాల్సిందీ వినాల్సిందీ బోలెడుంది. వీలైతే అమ్మనో అత్తగారినో వెంటబెట్టుకెళ్ళండి. మనకి తట్టని ప్రశ్నలు వాళ్ళు అడుగుతారు.

అన్నట్టు, అమ్మ జమాఖర్చుల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. దింపు అయినప్పుడల్లా ఆవిడ ఫోన్లో చెబుతుంది, నేను రాస్తాను. మొదటిసారి కూడికలో తప్పు వచ్చింది. డిగ్రీ చదివించిన కూతురని కూడా చూడకుండా చివాట్లు పెట్టి, మళ్ళీ మొదట్నుంచి రాయించింది!