మూగబోయిన క్లారినెట్టు - అరిగిన మెత్తలు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

పెళ్ళి బ్యాండులో డోళ్ళూ ట్రంపెట్లూ ఎంత హోరెత్తించినా పాటను నడిపించేది చాలాసార్లు క్లారినెట్టే. అటువంటి పాత కర్ర క్లారినెట్టు ఒకనాడు పలకడం మానేస్తే "కర్ర పాడైంది" అనేస్తారు. దోషం చాలాసార్లు కర్రది కాదు, మీట కింద ఉండే బొత్తామంత మెత్తది. ఈ మెత్త ఏమిటో, దాన్ని ఎలా మార్చాలో చూద్దాం.

మన పిల్లనగ్రోవికి మీటలు లేవు. రంధ్రాన్ని వేలితోనే మూస్తాం. వేలు అందని చోట రంధ్రం కావాలంటే మీట పెట్టాలి. మీట చివర చిన్న లోహపు గిన్నె, ఆ గిన్నెలో గాలి పోనివ్వని మెత్త ఉంటాయి. 1812 ప్రాంతంలో ఇవాన్ ముల్లర్ అనే వాద్యకారుడు పదమూడు మీటల క్లారినెట్టును తెచ్చి, దానికి ఉన్ని కూరిన తోలు మెత్తలు వాడాడు. 1832లో థియోబాల్డ్ బోమ్ వేణువుకు కొత్త మీటల అమరిక చేశాడు. దానికి ముందరి తీరులో ఉండే కర్ర ఫ్లూట్లనూ క్లారినెట్లనూ 'సింపుల్ సిస్టం' అంటారు.

మాది వ్యవసాయ కుటుంబం. బావి మీద మోటారున్న ప్రతి రైతుకూ ఫుట్‌వాల్వు సంగతి తెలుసు. దాని తోలు అరిగితే పైపులో నీళ్ళు నిలవవు, మోటారు ఎంత తిరిగినా నీళ్ళు ఎక్కవు. మరి తప్పు మోటారుదా? క్లారినెట్టులో నీళ్ళకు బదులు గాలి స్తంభం. అది ఎంత పొడవైతే స్వరం అంత కిందికి దిగుతుంది. అట్టడుగు స్వరం పలకాలంటే పైనుంచి కిందిదాకా రంధ్రాలన్నీ మూసుకోవాలి. నడుమ ఒక్క మెత్త వెంట్రుకవాసి గాలి వదిలినా స్వరం బొంగురుపోతుంది, లేదా ఎగిరి పై స్థాయికి పోతుంది. కాబట్టి పై స్వరాలు పలికి కింది స్వరాలు పలకకపోతే, కర్రకు పగులు లేదని చూసుకొని, మెత్తలనే అనుమానించాలి.

నేనుండే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాండు పెద్దాయన, మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యే వారంలో, తన క్లారినెట్టు చూపించి "ఇగ దీన్ని పాత సామానోనికి ఇచ్చుడే తమ్మీ" అన్నాడు. అది లేకపోతే ఆ సీజన్‌లో ఆయనకు కూలి లేదు. గది చీకటి చేసి, గొట్టంలోకి చిన్న బల్బు దింపి చూశాం. రెండు మెత్తల అంచున వెలుతురు కనబడింది. రోగం దొరికింది!

బల్బు లేకపోయినా ఫరవాలేదు. సిగరెట్టు కాగితం సన్నటి పట్టీగా కత్తిరించి, మెత్త కింద పెట్టి, మీట మూసి మెల్లగా లాగాలి. నాలుగు వైపులా ఒకే బిగువు ఉండాలి. వదులుగా వచ్చే వైపున గాలి పోతున్నట్టే.

ఇక మార్చడం. పిన్నో మరో తీసి మీటను ఊడదీయాలి. కర్రకు దూరంగా పట్టుకొని, గిన్నె వెనుక భాగాన్ని స్పిరిట్ దీపంతో వేడి చేస్తే పాత లక్క కరిగి మెత్త ఊడుతుంది. గిన్నె తుడిచి, దాని లోపలి కొలతకు సరిపోయే మెత్త తీసుకోవాలి. మెత్త అంటే అట్టముక్క, దానిపై ఫెల్టు, పైన పశువు పేగు పొర. దీన్ని దొరలు చేప చర్మం అంటారు గాని చేపకూ దానికీ సంబంధం లేదు! గిన్నెలో కాస్త లక్క కరిగించి మెత్తను కూర్చోబెట్టాలి. లక్క గట్టిపడకముందే మీటను బిగించి, రంధ్రం మీద సమంగా ఆనేటట్టు పట్టుకోవాలి. బలంగా నొక్కితే మెత్త మీద లోతుగా గాడి పడుతుంది.

లక్కే ఎందుకు? వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. మెత్త ఒక పక్కకు ఒరిగితే మళ్ళీ వేడి చేసి సరిచేయవచ్చు. ఒకసారి గట్టిపడితే కరగని జిగురుకు ఆ సౌకర్యం లేదు. మన కంసాలులు నగల్లో నింపేదీ లక్కే గదా!

రెండు మెత్తలు మార్చాక పెద్దాయన ఊదితే అట్టడుగు స్వరం నిండుగా పలికింది. ఆ సీజన్ అంతా ఆయన దాంతోనే వాయించాడు.

మెత్తలకు శత్రువులు తడి, పురుగు. వాయించిన తరువాత గొట్టంలోకి గుడ్డ లాగి తడి తీసి, ఆరాకే పెట్టెలో పెట్టాలి. మన ఇళ్ళలో అటకల మీద మూగగా పడివున్న వాద్యాలుంటే, అమ్మేసేముందు ఒక్కసారి ఆ కాగితం పట్టీతో పరీక్షించి చూడండి.