తీవ్ర మెదడు గాయాల పునరావాసంలో జంతు సహాయక చికిత్స: ద్రాక్షారామ ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

తీవ్ర మెదడు గాయం తరువాత రోగి ప్రాణాపాయం నుంచి బయటపడటం ఒక దశ. పరిసరాలను గుర్తించి ప్రతిస్పందించే స్థితికి చేరడం మరొక దశ. ఈ రెండవ దశకు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు పడుతుంది. ఆ కాలంలో జంతువుల సహాయంతో చేసే చికిత్స స్వభావాన్ని, పరిశోధన ఫలితాలను, గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం వంటి వ్యవసాయ ప్రాంతానికి దాని అన్వయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్వచనం

కుక్కను సహచికిత్సకునిగా పరిగణించవచ్చని అమెరికా మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ 1962లో ప్రతిపాదించాడు. మానవ, జంతు సంబంధాల అధ్యయన సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2014లో వెలువరించి, 2018లో సవరించిన శ్వేతపత్రం ఈ పద్ధతికి స్పష్టమైన హద్దులు ఏర్పరచింది. దాని ప్రకారం చికిత్సకు ముందుగా నిర్ణయించిన లక్ష్యం, శిక్షణ పొందిన నిపుణుని పర్యవేక్షణ, ప్రగతి నమోదు తప్పనిసరి. పెంపుడు జంతువులనే వినియోగించాలి. రోగి పక్కన జంతువును ఉంచినంత మాత్రాన అది చికిత్స కాదు.

స్పృహను గుర్తించడంలోని చిక్కు

పరిసరాల ఎరుక స్వల్పంగానైనా, నిశ్చయంగా కనిపించే స్థితిని వైద్యులు 2002లో ‘కనిష్ఠ స్పృహాస్థితి’గా నిర్వచించారు. ఈ స్థితిలో ప్రతిస్పందనలు ఒక గంట కనిపించి, మరొక గంట కనిపించకపోవచ్చు. 2009లో బెల్జియం పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, స్పృహ లేదని వైద్యబృందం భావించిన 44 మంది రోగులలో 18 మంది నిజానికి కనిష్ఠ స్పృహాస్థితిలో ఉన్నట్లు ప్రామాణిక కొలమానం ద్వారా తేలింది. రోగికి చూపే వస్తువు ఏదన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఇతర వస్తువుల కంటే అద్దంలోని తన ముఖాన్ని కళ్లతో అనుసరించిన రోగులు ఎక్కువని 2008లో వెల్లడైంది. సుపరిచితమైన, కదిలే ప్రాణి కూడా అటువంటి ప్రేరణ కాగలదన్న ఆలోచనకు ఇక్కడ ఆధారం దొరుకుతుంది.

పరిశోధన ఫలితాలు

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పునరావాస కేంద్రంలో కారిన్ హెడిగర్ బృందం చేసిన రెండు అధ్యయనాలు 2019లో ప్రచురితమయ్యాయి. మొదటి దానిలో మెదడు గాయమైన 19 మంది రోగులు జంతువు ఉన్న చికిత్సలోను, లేని చికిత్సలోను పాల్గొన్నారు. జంతువు ఉన్నప్పుడు సంభాషణ, సానుకూల భావోద్వేగాలు, చికిత్స పట్ల ఆసక్తి పెరిగాయి. రెండవ దానిలో కనిష్ఠ స్పృహాస్థితిలో ఉన్న 10 మంది రోగులలో కంటి కదలికలు, స్పర్శకు స్పందించే శరీర కదలికలు అధికమయ్యాయి. సానుకూల భావోద్వేగాలలో మాత్రం తేడా కనిపించలేదు. రెండు అధ్యయనాలలోను రోగుల సంఖ్య తక్కువ. అవి చికిత్స సమయంలోని ప్రతిస్పందనను నిరూపిస్తాయి. గాయం మానుతుందని గాని, స్పృహ శాశ్వతంగా మెరుగవుతుందని గాని నిరూపించవు.

ద్రాక్షారామ ప్రాంతానికి అన్వయం

ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలు అఖండదీపాల కోసం గోవులను, గొర్రెలను దానమిచ్చిన వివరాలను నమోదు చేశాయి. డెల్టా గ్రామాలలో ఆవు, గేదె, మేక నేటికీ ఇంటి పరిసరాలలోనే పెరుగుతాయి. పాడిపై జీవించిన రోగికి దూడ అరుపు, గడ్డి వాసన తన పూర్వజీవితానికి చెందినవి. పిడికిలి పట్టు కోసం గడ్డిపరకను అందించడం, చేయి చాపడం కోసం మేకపిల్లను నిమరడం, మాట కోసం దూడను పేరుపెట్టి పిలవడం వంటి పనులను ఫిజియోథెరపిస్టు లక్ష్యాలుగా రూపొందించవచ్చు. అవే పనులను జంతువు లేకుండా కూడా చేయించి, రెండింటినీ పోల్చి నమోదు చేయాలి.

జాగ్రత్తలు అనివార్యం. లక్షణాలు బయటపడిన రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకం కనుక టీకా వేయని కుక్కను దరిచేర్చరాదు. పశువుల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. గొంతులో శ్వాసగొట్టం, ఒంటిపై పడకపుండ్లు ఉన్నవారి విషయంలో ముందుగా వైద్యుని అనుమతి, జంతువుకు పశువైద్యుని పరీక్ష అవసరం. అలసిన లేదా బెదిరిన జంతువును వెంటనే వెనక్కు తీసుకోవాలి.

ముగింపు

దూడ వైపు రోగి చూపు మళ్లితే కుటుంబం దానిని కోలుకోవడంగా భావించే ప్రమాదం ఉంది. యాదృచ్ఛికమని కొట్టివేస్తే ఉన్న స్పృహను గుర్తించకపోయే ప్రమాదం అంతకంటే తీవ్రమైనది. సమయం, ప్రేరణ, ప్రతిస్పందన రాసి ఉంచితే, ఆ చూపు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నదా లేదా అన్నది వైద్యుడు పరీక్షించి నిర్ధారించగలడు. పరికరాలు, నిపుణులు తక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతంలో జంతు సహాయక చికిత్స అందించగల ప్రయోజనం ప్రధానంగా ఇదే.