పక్షుల గణన: పద్ధతులు, ప్రయోజనం

పశువు మరణించిన చోట రాబందులు గుంపులుగా వాలడం పల్లెల్లోని పెద్దలకు గుర్తుండే దృశ్యం. నేటి పిల్లలలో చాలామందికి రాబందు పుస్తకంలోని బొమ్మ మాత్రమే. ఈ పక్షి ఎంత వేగంగా తరిగిపోయిందో లోకానికి తెలియడానికి కారణం, అంతకుముందే ఎవరో దానిని లెక్కించి వ్రాసి ఉంచడం.

1991-93 సంవత్సరాలలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వాహనాలలో నిర్ణీత మార్గాల వెంట ప్రయాణిస్తూ, కనిపించిన రాబందులను నమోదు చేశారు. 2000లోను, ఆ తరువాత పలుమార్లు అవే మార్గాలలో తిరిగి లెక్కించారు. 1992లో వీపు తెల్లగా ఉండే రాబందులు వెయ్యి ఉన్నవనుకుంటే, 2007 నాటికి మిగిలినది సుమారు ఒక్కటి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తున్నదని 2004లో వెల్లడైంది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. పాత లెక్క లేకుంటే ఈ నష్టం ఎంతటిదో ఎవరూ రుజువు చేయలేకపోయేవారు.

దీనినిబట్టి గణనకు మూలసూత్రం బోధపడుతుంది. ఒకనాటి సంఖ్య ఒంటరిగా చెప్పేది స్వల్పం. అదే స్థలంలో, అదే ఋతువులో, అదే పద్ధతిలో ఏటేటా లెక్కించినప్పుడే పక్షులు పెరిగినవో తరిగినవో తెలుస్తుంది. ఒక ఏడు గంటసేపు, మరుసటి ఏడు నాలుగు గంటలు చూస్తే ఆ రెండు సంఖ్యలను పోల్చరాదు.

పక్షి స్వభావాన్ని బట్టి పద్ధతి మారుతుంది. చెరువులో కొద్ది పక్షులుంటే ఒక్కొక్కటిగా లెక్కించవచ్చు. వేల సంఖ్యలో ఉంటే ముందుగా యాభై పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కంటితో కొలతగా తీసుకొంటారు. గుంపు మొత్తం అటువంటి ఇరవై నాలుగు భాగాలుంటే సుమారు 1,200 పక్షులని అంచనా. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వలె గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లపై గూళ్లు కట్టే చోట గూళ్లనే లెక్కించడం అనువైనది. అడవిలో పక్షులు ఆకుల మాటున ఉంటాయి కనుక, నిర్ణీత స్థలంలో కొన్ని నిమిషాలు నిలిచి, కనిపించిన వాటితో పాటు కూతను బట్టి గుర్తించిన వాటిని కూడా వ్రాస్తారు. వలస పక్షుల కాళ్లకు సంఖ్యగల చిన్న ఉంగరాలు తొడిగి, తిరిగి ఎక్కడ దొరికినవో చూసి వాటి ప్రయాణాన్ని తెలుసుకొంటారు. అటువంటి ఉంగరం గల పక్షి కనిపిస్తే, సంఖ్యను, తేదీని, స్థలాన్ని అటవీశాఖ వారికి తెలియజేయాలి.

సరిహద్దు ప్రాంతాలలో మరొక చిక్కు ఉంది. పులికాట్ సరస్సు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో వ్యాపించి ఉంది. ఫ్లెమింగోలకు ఆ ఎల్లతో పని లేదు. ఒక వైపు ఒకనాడు, మరొక వైపు వారం తరువాత లెక్కిస్తే ఒకే గుంపు రెండుసార్లు లెక్కకు రావచ్చు, లేదా రెండు లెక్కలకూ చిక్కకపోవచ్చు. కనుక ఇరువైపుల వారు ఒకే రోజున, ఒకే వేళకు లెక్కించడం మేలు. 1987లో ఆరంభమైన ఆసియా నీటి పక్షుల గణన కూడా ఏటా జనవరి మాసంలోనే వివిధ దేశాలలో జరుగుతుంది. శీతకాలపు వలస పక్షులు అప్పటికి తమ నెలవులలో కుదురుకొని ఉంటాయి.

ఈ పని పండితులకే పరిమితం కాదు. ఊరి చెరువును ఎంచుకొని, నెలకొకసారి తెల్లవారిన పిమ్మట అదే గట్టున, అంతే సమయం నిలిచి చూడవచ్చు. తేదీ, వేళ, చెరువులోని నీటి మట్టం, పక్షి పేరు, సంఖ్య నోటుపుస్తకంలో వ్రాయాలి. పేరు తెలియని పక్షికి ఊహించి పేరు పెట్టరాదు, దాని రంగు, ముక్కు, కాళ్లు వర్ణిస్తే చాలు. గూళ్ల దగ్గరకు వెళ్లరాదు. పెద్ద పక్షులు బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు బలి అవుతాయి.

ఒక్క పక్షీ కనిపించని రోజున కూడా 'సున్న' అని తప్పక వ్రాయాలి. పక్షులు ఏ ఏడాది నుండి రావడం మానినవో రేపటి వారికి తెలిపేది ఆ సున్నలే.