ఓ గ్రూపూ సరిపడని రక్తం

ఓ గ్రూపు రక్తం ఎవరికైనా పనికొస్తుందని చాలామంది నమ్మకం. 1952లో బొంబాయి వైద్యులకు తారసపడిన ముగ్గురు మనుషులు ఆ నమ్మకానికి గండి కొట్టారు. మామూలు పరీక్షలో వాళ్ల ఎర్ర రక్తకణాలు ‘ఏ’ యాంటీబాడీతోనూ ముద్దకట్టలేదు, ‘బీ’ యాంటీబాడీతోనూ ముద్దకట్టలేదు. లెక్కప్రకారం అది ఓ గ్రూపు. తీరా చూస్తే వాళ్ల సీరం ఓ గ్రూపు కణాలను సైతం ముద్దకట్టించేసింది! వై. ఎం. భెండే, ఆయన సహచరులు ఈ సంగతిని అదే ఏడాది ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. బాంబే బ్లడ్ గ్రూప్ కథ అక్కడ మొదలైంది.

అప్పటికి రక్తపు గ్రూపుల విద్యకు అర్ధశతాబ్దం నిండింది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ వియన్నాలో తేల్చిన రక్తపు గ్రూపుల సంగతికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా ఓ గ్రూపు కణం మీద ఏమీ ఉండదనే అభిప్రాయం జనంలో ఇప్పటికీ పోలేదు. నిజానికి దాని మీద హెచ్ అనే పదార్థం నిండా ఉంటుంది. ఏ, బీ గ్రూపులకు పునాది కూడా ఇదే.

కణం పొర మీద చక్కెర అణువులు గొలుసులుగా వేలాడుతుంటాయి. 19వ క్రోమోజోము మీది ఎఫ్‌యూటీ1 జన్యువు తయారుచేసే ఎంజైమ్, ఆ గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెరను అతికిస్తుంది. అదే హెచ్. ఆ తర్వాత 9వ క్రోమోజోము మీది ఏబీఓ జన్యువు పనిలోకి దిగుతుంది. దాని ఏ రూపం హెచ్‌కు ఒక చక్కెరను చేరుస్తుంది, బీ రూపం మరో చక్కెరను చేరుస్తుంది. ఈ రెండు ఎంజైముల మధ్య తేడా నాలుగంటే నాలుగు అమైనో ఆమ్లాలు. ఓ రూపంలో సాధారణంగా ఒక్క అక్షరం రాలిపోయి ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. హెచ్ మాత్రం చెక్కుచెదరదు.

బాంబే గ్రూపు వారిలో చెడింది మొదటి మెట్టే. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన ఎఫ్‌యూటీ1 ప్రతులు రెండూ పనిచేయవు. గోడకు కొక్కెమే లేనప్పుడు చొక్కా ఎక్కడ తగిలిస్తాం? ‘ఏ’ జన్యువున్నా, ‘బీ’ జన్యువున్నా వాటి చక్కెరలకు అంటుకునే చోటే దొరకదు. అందుకే పైకి ఓ గ్రూపులా కనిపించే తల్లి, లోపల దాగిన బీ జన్యువును బిడ్డకు అందించగలదు. తండ్రిది ‘ఏ’ గ్రూపు అయితే ఆ బిడ్డ ఏబీగా పుట్టవచ్చు. సంగతి తెలియని ఇంట్లో ఆ తల్లి మీద అనుమానాలు రేగడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఓ గ్రూపు తల్లికి ఏబీ బిడ్డ పుట్టదని చెప్పే పాఠ్యపుస్తకంలోని పట్టిక ఆమెకు న్యాయం చేయదు.

ఈ గ్రూపు ప్రమాదకరంగా మారేది ఇతరుల రక్తం ఎక్కించుకునే వేళ. పేగుల్లోని బ్యాక్టీరియా మీద కూడా ఇలాంటి చక్కెరలే ఉంటాయి. తన ఒంట్లో లేని చక్కెర కనబడితే రోగనిరోధక వ్యవస్థ పసితనంలోనే దానికి యాంటీబాడీలు సిద్ధం చేసుకుంటుంది. అందుకే ఒక్కసారీ రక్తం ఎక్కించుకోని బాంబే గ్రూపు మనిషిలోనూ ఏ, బీ, హెచ్ మూడింటికీ యాంటీబాడీలు ఉంటాయి. హెచ్ యాంటీబాడీ శరీర ఉష్ణోగ్రత దగ్గరే చురుగ్గా పనిచేసి, కాంప్లిమెంట్ ప్రోటీన్లను ఉసిగొల్పి, వచ్చిన కణాలను పగలగొడుతుంది. జ్వరం, నడుంనొప్పి, ముదురు రంగు మూత్రం, చివరికి కిడ్నీల దెబ్బ వరకూ పరిస్థితి వెళ్లవచ్చు. అందరికీ పనికొస్తుందనుకునే ఓ గ్రూపు కణాల మీదే హెచ్ అత్యధికం!

రక్తం ఎక్కించుకునే అవసరం రానంతవరకు వీళ్లు అందరిలాగే ఆరోగ్యవంతులు. భారత్‌లో సుమారు పదివేల మందికి ఒకరు, ఐరోపాలో పదిలక్షల మందికి ఒకరు ఉంటారని అంచనా. అరుదైన జన్యువు రెండు వైపుల నుంచీ రావాలి; తల్లిదండ్రులు ఒకే వంశవృక్షం కొమ్మలైతే ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు సాగే తెలుగు కుటుంబాలకూ ఈ లెక్క వర్తిస్తుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, భారతీయ మూలాలున్న వారిలోనూ ఇక్కడి జన్యులోపమే కనిపించింది.

కణాలను మాత్రమే పరీక్షించి కార్డు మీద ఓ పాజిటివ్ అని రాసేస్తే గుట్టు బయటపడదు. సీరాన్ని ఓ గ్రూపు కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్ తప్పనిసరి. అనుమానం వస్తే యూలెక్స్ అనే ఐరోపా ముళ్లపొద గింజల సారంతో హెచ్ ఉందో లేదో తేల్చుకుంటారు. చివరి అడ్డుగోడ, దాత కణాలను రోగి సీరంతో కలిపి చూసే క్రాస్ మ్యాచింగ్. అత్యవసరం పేరుతో దాన్ని దాటవేయడం మాత్రం క్షమించరానిది.

మీ ఇంట్లో ఎవరికైనా బాంబే గ్రూపు అని తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. తల్లిదండ్రులిద్దరిదీ మామూలు రక్తమే అయినా, తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ అదే గ్రూపు ఉండే అవకాశం నాలుగింట ఒకటి. ముందే నిర్ణయించిన ఆపరేషనైతే రోగి తన రక్తాన్నే ముందుగా ఇచ్చి దాచుకునే వీలు గురించి వైద్యుణ్ని అడగండి. అన్నిటికన్నా ముందు, కార్డు మీది ఓ గ్రూపును కొట్టేయించి బాంబే అని రాయించండి.