ఈ పూట ఏ చేప?

నాయుడుపేట సముద్రపు ఒడ్డున లేదు. స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్న ఈ పట్టణం 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారినా, ఇక్కడి పొయ్యిల మీద ఉడికేది మాత్రం నెల్లూరు చేపల పులుసే. తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన ఉప్పునీరూ మంచినీరూ కలిసే పులికాట్ సరస్సు, చుట్టూ చెరువులు, రొయ్యల గుంటలు ఉండటం వల్ల ఇక్కడి హోటళ్లకు చేప నాలుగు రకాల నీళ్ల నుంచి వస్తుంది. కాబట్టి మంచి హోటల్ కోసం వెతికేవారు బోర్డు చూసే ముందు ఈ పూట ఏ చేప వచ్చింది, ఏ నీళ్లది అని అడగడం మేలు. వండేవారికి జవాబు వెంటనే తెలిసి ఉంటే అది మంచి గుర్తు.

ఇటలీలో గడ్డకట్టించి నిల్వ చేసిన చేపతో వండిన వంటకం పేరు పక్కన మెనూలో నక్షత్రపు గుర్తు వేస్తారు. అటువంటి గుర్తు అలవాటు లేని చోట క్యాలెండరే ఆధారం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పడమటి తీరంలో అది జూన్ 1న గానీ మొదలు కాదు. అందువల్ల మే నెలలో వంజరం ముక్క విస్తట్లోకి వచ్చిందంటే, అది ఐసులో దూరం నుంచి వచ్చినదో, నిల్వ ఉంచినదో అయ్యే అవకాశం ఎక్కువ.

పులుసు విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. చేప నిల్వ ఉన్నకొద్దీ దానిలో ట్రైమిథైలమైన్ అనే పదార్థం పెరుగుతుంది. నీసు వాసనకు ముఖ్య కారణం అదే. చింతపండు, పచ్చి మామిడి పులుపులోని ఆమ్లం దాన్ని ఆవిరి కానివ్వకుండా పట్టి ఉంచుతుంది గనుక, పులుసు రుచిని పెంచే గుణమే పాత చేపను దాచనూ గలదు. కానగంత వంటి చేప ఐసు లేకుండా నిలిస్తే పుట్టే హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. అందుకే పచ్చి చేపను చూపించమని అడగడానికి మొహమాటపడకూడదు: కన్ను మెరుస్తూ ఉబ్బి, మొప్పలు ఎర్రగా, వేలితో నొక్కిన కండ తిరిగి పైకి లేవాలి.

వంటలో చేయితిరిగినతనం చట్టి దగ్గర తెలుస్తుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టరు. మసిగుడ్డతో అంచులు పట్టుకుని చట్టినే మెల్లగా తిప్పుతారు. నూనె పైకి తేలి, ముక్క విరగకుండా నిలిచిన పులుసు చల్లారే కొద్దీ ఉప్పూ పులుపూ కండలోకి దిగుతాయి, కాబట్టి పొద్దున వండినది రాత్రికి ఇంకా బాగుంటుంది.

నిషేధ కాలంలో నమ్మదగినది కొరమీను. గాలి పీల్చుకునే అవయవం ఉన్న ఈ మంచినీటి చేప కొద్దిపాటి నీళ్ల తొట్టిలోనూ బతుకుతుంది గనుక, కొనేవారు అది కదలడం కళ్లారా చూసి కోయించుకోవచ్చు.