ఖాళీల జాబితా వచ్చిందా మాస్టారూ?

వేసవి సెలవులంటే అందరిళ్లలో ఆవకాయ జాడీలు, అమ్మమ్మగారి ఊరి ప్రయాణాలు. సర్కారు బడి పంతులుగారి ఇంట్లో మాత్రం వేరే సందడి. సీనియారిటీ జాబితాలో పేరు ఎన్నో నంబరు? బడి ఏ కేటగిరీలోకి వచ్చింది? పక్క మండలంలో ఆ ఖాళీ చూపిస్తున్నారా, దాచేశారా? అన్నం ముందు కూర్చున్నా చెవి ఫోన్ మీదే. ఆ ఫోన్ చేసేది చుట్టమూ కాదు, అధికారీ కాదు... సంఘం మండల కార్యదర్శి!

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ సంఘమంటే బయటివారికి తెలిసింది ధర్నాలు, ఎర్రటెండలో ర్యాలీలు, ఎమ్మెల్సీ ఎన్నికలు. సభ్యులకు తెలిసిన సంఘం వేరు. అది ఓ వార్తాసంస్థ లాంటిది. ఎక్కడ పోస్టు పోతోంది, ఎక్కడ వస్తోంది, ఎవరు మిగులు, ఎవరికి పదోన్నతి... ఈ కబుర్లు మోసుకురావడమే దాని రోజువారీ పని. ఏడాదికోసారి కట్టే సభ్యత్వ రుసుము అందుకేనని నవ్వుతూ చెప్పే టీచర్లు ఎందరో.

అసలింత ఆరాటం ఎందుకు? జీతం సంగతి పీఆర్సీ వచ్చినప్పుడు మాట్లాడుకుంటారు. ఏ ఊళ్లో పనిచేయాలన్నది మాత్రం ఎప్పుడూ తెగని లెక్క. నిబంధనల ప్రకారం ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన టీచరు, అయిదేళ్లు నిండిన ప్రధానోపాధ్యాయుడు బదిలీల వేళ కదలాల్సిందే. ఎక్కడికి కదలాలన్నది పాయింట్లు తేలుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో పట్నం బడిలో ఏడాది పనిచేస్తే ఒక్క పాయింటు. రోడ్డు కూడా సరిగాలేని నాలుగో కేటగిరీ ఊళ్లో అయితే అయిదు. సర్వీసులో ప్రతి ఏడాదికీ మరో అర పాయింటు. ఆ అర పాయింటు తేడాతోనే ఒకరికి ఇంటి పక్క బడి దక్కుతుంది, ఇంకొకరు రెండు బస్సులు మారాల్సి వస్తుంది. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ‘అమ్మాయి ఏ మండలంలో చేస్తోంది, అక్కడ ఎనిమిదేళ్లు ఎప్పటికి నిండుతాయి?’ అని అడిగే పెద్దలున్నారంటే ఆశ్చర్యమేముంది!

డైరీలో దొరికే ధైర్యం

ఫోన్లు లేని రోజుల్లో ప్రభుత్వ ఉత్తర్వు హైదరాబాద్‌లో పుట్టి మారుమూల బడికి చేరేసరికి ఒక్కోసారి గడువే దాటిపోయేది. డీఈవో కార్యాలయం, అక్కణ్నుంచి మండలం, అక్కడ గుమాస్తా బల్ల... ఇన్ని మజిలీలు. ఆ లోటు తీర్చినవి సంఘాల పత్రికలే. 1974 ఆగస్టు 10న పుట్టిన యూటీఎఫ్ ‘ఐక్య ఉపాధ్యాయ’ తెచ్చింది. ఏపీటీఎఫ్ వారిది ‘ఉపాధ్యాయ’. తపాలాలో వచ్చిన ఆ సంచికలో కథలు, వ్యాసాలు ఎన్ని ఉన్నా చేతులు ముందు వెళ్లేది ఉత్తర్వుల పేజీకే. ఇక జనవరి వచ్చిందంటే డైరీ. యూటీఎఫ్, ఏపీటీఎఫ్, ఎస్‌టీయూ, పీఆర్‌టీయూ... ఏ సంఘం డైరీ తీసినా ముందు పేజీల్లో సెలవుల నిబంధనలు, ఇంక్రిమెంట్ల లెక్కలు, ముఖ్యమైన జీవోల నంబర్లు ఉంటాయి. రాసుకోవడానికి మిగిలే కాగితాలు తక్కువే కానీ, ఎంఈవో కార్యాలయంలో ‘ఆ రూలు లేదండీ’ అని ఎవరైనా అంటే సంచీలోంచి తీసి చూపించడానికి అంతకు మించిన ఆయుధం లేదు.

నంబర్లు టీచర్ల భాషలో మామూలు మాటలైపోయాయి. ‘010’ అంటే ఖజానా నుంచి నేరుగా జీతం వచ్చే పద్దు. ఆ పద్దు కోసం స్థానిక సంస్థల టీచర్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. ‘398’ అంటే నెలకు 398 రూపాయల గౌరవ వేతనంతో చేరిన స్పెషల్ టీచర్లు. ఆ తక్కువ జీతపు కాలాన్ని సర్వీసు కింద లెక్కగట్టాలని వారు ఎంతకాలం తిరిగారో చెప్పనలవి కాదు. బడిలో చేరిన తేదీ ఒకటి, సర్కారు లెక్కలోని తేదీ మరొకటి. రెంటి మధ్యా నలిగినవాళ్లకు సంఘమే గుమాస్తా, సంఘమే వకీలు.

తేదీ ఎంత పని చేస్తుందో డీఎస్సీ-2003 వారిని అడగాలి. ప్రకటన వచ్చింది 2003లో. చేతికి ఉద్యోగాలు అందింది 2005లో. నడుమ 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవారికి పాత పింఛను ఎత్తేసి, వాటా కట్టే పింఛను విధానం తెచ్చారు. నియామకాలు సకాలంలో జరిగి ఉంటే? ఆ ప్రశ్నతోనే ఆ బ్యాచ్ ఇన్నేళ్లూ గడిపింది. కొత్త విధానానికి ముందే ప్రకటన వెలువడిన పోస్టుల్లో చేరినవారు పాత పింఛను కోరుకోవచ్చని కేంద్రం 2023 మార్చిలో తన ఉద్యోగులకు అవకాశమిచ్చింది. అప్పట్నుంచీ ‘మెమో 57’ అన్న మాట ఇక్కడి స్టాఫ్‌రూముల్లోనూ మార్మోగింది. పోస్టు ఆలస్యంగా నింపడమంటే పిల్లలకు రెండేళ్లు టీచరు లేకపోవడం. ఆ టీచరుకేమో ముసలితనంలో ఆసరా మారిపోవడం!

భార్య ఒక జిల్లా... భర్త ఒక జిల్లా

సమాచారం ఎంత విలువైనదో తెలంగాణ టీచర్లకు 2021 డిసెంబరులో తెలిసొచ్చింది. పది జిల్లాలు ముప్పై మూడయ్యాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచాలి. అందుకోసం డిసెంబరు 6న వచ్చిందే జీవో 317. సొంతూరు ఏదన్నది చూడలేదు, సీనియారిటీనే ప్రాతిపదిక చేసుకున్నారు. సీనియర్లు కోరుకున్న జిల్లాలు తీసుకోగా మిగిలినవి జూనియర్లకు వచ్చాయి. పుట్టిపెరిగిన జిల్లాలోనే స్థానికేతరులైపోయామని ఎందరో కంటతడి పెట్టారు. ఐచ్ఛికాలు ఇవ్వడానికి దొరికింది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులూ సంఘాల కార్యాలయాల్లో అర్ధరాత్రి దాకా దీపాలు ఆరలేదు. సీనియారిటీ జాబితాలో పుట్టినతేదీ తప్పుపడినా, చేరిన తేదీ తప్పుపడినా అభ్యంతరం రాసివ్వాలి. లేదంటే ఆ తప్పే రేపటి జిల్లా అవుతుంది.

టీచర్ దంపతుల కష్టం మరీ చోద్యం. ఇద్దరినీ ఒక్కచోటికి చేరుస్తామన్నారు. తీరా 13 జిల్లాల్లో ఆ బదిలీలు ఆపేశారు. 2023 జనవరిలో ఆ దంపతులు పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో పాఠశాల విద్యా డైరెక్టరేట్ ముందు నిలబడ్డారు. అమ్మ ఒక జిల్లాలో, నాన్న ఒక జిల్లాలో ఉంటే బిడ్డను ఏ బడిలో వేయాలన్నది వారి ప్రశ్న. పాఠాలు చెప్పేవారికే ఆ ప్రశ్న ఎదురవడం విచిత్రం కదూ! 2024లో ప్రభుత్వం ఈ జీవో బాధితుల కోసం మంత్రివర్గ ఉపసంఘం వేసింది. ఆ ఏడాది చివర్లో దంపతులకు, అనారోగ్యంతో ఉన్నవారికి, పరస్పరం మారేవారికి దారి చూపింది.

మూడో తరగతి ఎక్కడికెళ్లింది?

ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల లెక్క నేరుగా ఊరి లెక్క అయింది 2022లో. జూన్‌లో వచ్చిన జీవో 117తో కిలోమీటరు లోపున్న ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించడం మొదలైంది. కాగితం మీద అది పోస్టుల సర్దుబాటు. ఊళ్లో చూస్తే, నిన్నటిదాకా వీధి చివరి బడికి నడిచిన పిల్ల పెద్ద రోడ్డు దాటాలి. చాలాచోట్ల తల్లిదండ్రులు బడి గేటు ముందు బైఠాయించారు. సంఘాలు మొదటినుంచీ ఈ జీవోను వ్యతిరేకించాయి. ఏ బడిలో ఎన్ని పోస్టులు పోతాయో లెక్కలు కట్టి పంచాయి. చివరికి 2025 మేలో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలతో కొత్త అమరిక వచ్చింది. అదీ అందరికీ నచ్చిందని కాదు. కొత్త లెక్క, కొత్త మిగులు, మళ్లీ కొత్త జాబితాలు.

ఇక్కడే సంఘం పనితనం బయటపడే చిన్న ముచ్చట ఒకటుంది. 2025 బదిలీలను ఆన్‌లైన్‌లోనే జరపాలని ప్రభుత్వం తలపెట్టింది. ఇంట్లో కూర్చుని కోరికలు నింపేయొచ్చు, బాగానే ఉందనిపిస్తుంది. ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీలు మాత్రం ససేమిరా అన్నారు. ఎందుకంటే వారి ఖాళీలు ఉమ్మడి జిల్లాలో పదులు కాదు, వందలు దాటి పోతాయి. వాటన్నిటినీ ముందే వరసపెట్టి నింపాలి. ఒక ఊరి పేరున్న ఊళ్లు నాలుగుంటాయి. వేలు జారి ఒకటి పైనా కిందా అయితే ఎనిమిదేళ్ల శిక్ష! ఎదురుగా కూర్చుని, తమ వంతు వచ్చేసరికి మిగిలినవేమిటో చూసి కోరుకునే పాత పద్ధతే కావాలని పట్టుబట్టారు. జూన్‌లో ప్రభుత్వం ఎస్జీటీల వరకు అందుకు ఒప్పుకుంది. సాంకేతికత వద్దన్నారని విమర్శించినవారూ లేకపోలేదు. కానీ ఖాళీ కళ్ల ముందు కనిపించాలన్న కోరికలో తప్పేముంది?

పుకారుకు రెక్కలు... జీవోకు కాళ్లు

పత్రికల కాలం పోయి వాట్సప్ వచ్చాక మరో చిక్కు. ఉత్తర్వు కంటే ముందు పుకారు వస్తోంది. సంతకం లేని ముసాయిదాలు, పాత మెమోకు కొత్త తేదీ అతికించినవి క్షణాల్లో జిల్లా చుట్టేస్తున్నాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు టెట్‌పై తీర్పు ఇచ్చినప్పుడు చూడాలి ఆ హడావుడి. సర్వీసులో ఉన్నవారూ టెట్ పాస్ కావాల్సిందేనంది కోర్టు. ‘అందరి ఉద్యోగాలూ పోతాయట’ అని సాయంత్రానికల్లా గ్రూపులు గగ్గోలెత్తాయి. తీర్పు నిదానంగా చదివితే తేలిందేమిటి? పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్నవారు రెండేళ్లలో పాస్ కావాలి. అయిదేళ్లలోపు ఉన్నవారు అలాగే కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం రాయాలి. ఈ రెండు వాక్యాలు తెలుగులో రాసి పంపిన సంఘం నాయకులు ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో నిద్ర నిలిపారో! పాతికేళ్లు పాఠాలు చెప్పి ఇప్పుడు సైకాలజీ బిట్లు బట్టీ పట్టాలా అన్న ఆవేదన మాత్రం తీరలేదు. సమీక్షించాలని, చట్టం మార్చాలని సంఘాలు అడుగుతూ వచ్చాయి.

సంఘాలను ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. ఒక్క జీవో వస్తే ‘మా ప్రాతినిధ్య ఫలితమే’ అంటూ నాలుగు సంఘాలు నాలుగు పోస్టర్లు వేస్తాయి. బదిలీల పట్టికలో లేకుండా, చీకట్లో జరిగిపోయే పైరవీ బదిలీల మీద కొన్ని గొంతులు ఎందుకో మెత్తబడతాయి. మిగులు పోస్టు తరలిపోతే టీచరుకు నష్టమా అన్నదాని మీద జరిగినంత చర్చ, ఆ బడి పిల్లల సంగతేమిటన్నదాని మీద జరగదు.

అన్నిటికన్నా పెద్ద వెలితి, ఈ కబురు బడి గోడ దాటకపోవడం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని, మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పదో వంతు మించకూడదని ఆ చట్టమే చెబుతోంది. ఈ సంగతి డైరీలో ఉంటుంది, కమిటీలోని తల్లికి తెలియదు. పిల్లలు ఇరవైకి తగ్గితే రెండో పోస్టు పోతుందన్న లెక్క చాలాకాలం నడిచింది. అంటే పందొమ్మిది మంది ఉన్న బడిలో ఒక్క టీచరే అయిదు తరగతులూ చూసుకోవాలి. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు, ఆన్‌లైన్ హాజరు సరేసరి. ఆ టీచరు సెలవు పెడితే బడికి తాళమే. ఆ ఒక్క పిల్లను ప్రైవేటు బస్సు ఎక్కించిన ఇంటికి, తన వల్ల ఊరి బడిలో టీచరు తగ్గిందని ఎవరు చెప్పారు? జూన్‌లో బడిబాట అంటూ పంతుళ్లు గడప గడపా తిరిగేది ఈ లెక్క తెలిసే. కాకపోతే ఆ మాట విప్పి చెప్పరు.

ఖాళీలు నింపితే సగం గొడవ ఉండదన్నది మాత్రం అన్ని సంఘాలూ ఒక్కగొంతుతో చెప్పే మాట. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగి అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 ఏప్రిల్‌లో వెలువడి సెప్టెంబరుకల్లా ముగిసింది. కొత్త టీచర్లు బడిలో అడుగుపెట్టడం కోసం తల్లిదండ్రులకంటే ఆత్రంగా ఎదురుచూసేవారు మరికొందరుంటారు. బదిలీ ఉత్తర్వు చేతిలో ఉన్నా, వదిలిపోతే బడి మూతపడుతుందని అధికారులు రిలీవ్ చేయక పాత ఊళ్లోనే ఆగిపోయిన ఒంటరి టీచర్లు. కొత్తవారు రాగానే హాజరుపట్టీ, తాళంచెవులు అప్పగించి పాతవారు సామాను సర్దుకుంటారు. వారం తిరక్కుండా మండల కార్యదర్శి వచ్చి కొత్త టీచరుకు సభ్యత్వ పుస్తకం అందించి అడిగే మొదటి ప్రశ్న... ‘చేరిన తేదీ సర్వీసు రిజిస్టరులో ఎక్కించారా, చూసుకున్నారా?’