దేశం చుట్టూ ట్రెక్ సరే, ముందు మన శ్రీశైలం అడవి దారి సంగతి తెలుసా?

సికింద్రాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. ఈ మధ్య కాలేజీ పిల్లలు నన్ను తెగ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "అన్నా, అండోరా ట్రెక్ మనం చేయగలమా?" ఇవాళ దానికే జవాబు చెప్తాను. కాకపోతే అండోరాలో మొదలుపెట్టి నల్లమలకి తీసుకొస్తాను.

అండోరా అంటే ఫ్రాన్స్‌కి, స్పెయిన్‌కి మధ్య పిరనీస్ కొండల్లో ఉన్న చిన్న దేశం. మొత్తం 468 చదరపు కిలోమీటర్లే. మన జీహెచ్ఎంసీ పాత హద్దులే దాదాపు 650. ఆ దేశాన్ని కొండల మీదుగా చుట్టేసే దారి పేరు కొరొనాలాక్స్. 92 కిలోమీటర్లు, మామూలుగా అయిదు రోజులు. ఎక్కే ఎత్తులన్నీ కలిపితే 6,000 మీటర్లకు పైనే.

దీని ప్రత్యేకత ఏంటంటే, టెంట్ మోయక్కర్లేదు. దారిలో నాలుగు కొండ గుడిసెలున్నాయి: సోర్తెనీ, జుక్లా, ఇయా, కోమాపెద్రోసా. గుడిసె అన్నానని పూరిపాక అనుకోకండి, రాతి కట్టడాలు. వేసవిలో అక్కడ మనుషులుంటారు. రాత్రి భోజనం, వరసగా వేసిన మంచాల్లో ఒక పడక, పొద్దున టిఫిన్ దొరుకుతాయి. ముందే బుక్ చేసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. అండోరాకి ఎయిర్‌పోర్ట్ లేదు. ఫ్రాన్స్ నుంచో స్పెయిన్ నుంచో రోడ్డు మీద వెళ్లాలి. ఆ రెండూ షెంజెన్ దేశాలు, అండోరా కాదు. సింగిల్ ఎంట్రీ వీసాతో లోపలికి వెళ్తే తిరిగి రావడానికి ఇబ్బంది. మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాల్సిందే.

సరే, టెంట్ లేదు కాబట్టి బ్యాగ్ తేలిక. కానీ దానికి బదులుగా ఒక షరతు ఉంది. సాయంత్రంలోపు తర్వాతి గుడిసె చేరాలి. పిరనీస్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి, అందుకే పొద్దున్నే బయల్దేరతారు. అంటే మన నడకని మన ఓపిక ఒక్కటే కాదు, నీడ ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి అన్నది కూడా నిర్ణయిస్తుంది.

ఈ పద్ధతి మనకి కొత్త కాదు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి శ్రీశైలానికి అడవిలో ఓ నడక దారి ఉంది. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. దాదాపు 40 కిలోమీటర్లు. ఇవన్నీ మజిలీలే. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డిది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి కూడా ఆత్మకూరు వైపు నుంచే ఈ అడవి దాటి శ్రీశైలం వెళ్లాడు, తన 'కాశీయాత్ర చరిత్ర'లో రాసుకున్నాడు. ఆయనదీ రౌండ్ ట్రిప్పే. మద్రాసులో మొదలై, పదిహేను నెలలకి మద్రాసులోనే ముగిసింది.

ఇప్పుడు నా కథ. ఓసారి ఉగాదికి ముందు మేం నలుగురం ఈ దారి పట్టాం. నా బ్యాగ్ 14 కిలోలు. ట్రైపాడ్, రెండు పవర్ బ్యాంకులు, జీన్స్ ప్యాంట్లు. నీళ్లు మాత్రం ఒక్క లీటరు బాటిల్! పెచ్చెరువు దగ్గర కన్నడ భక్తులంతా ఎండెక్కగానే చెట్ల కింద పడుకున్నారు. మేం మాత్రం వీడియో కోసం మిట్టమధ్యాహ్నం నడిచాం.

గంటన్నరకి మావాడొకడు ఆగిపోయాడు. తల తిరుగుతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు, పిక్కలు పట్టేశాయి. నా చేతిలో ఫోన్ ఉంది, సిగ్నల్ లేదు. బాటిల్ ఖాళీ. జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. అప్పుడు ఎదురు దిశలో కాదు, మా వెనకాలే రాయచూరు వాళ్ల గుంపొకటి వచ్చింది. అందులో ఓ అవ్వ వాణ్ని నీడలో పడుకోబెట్టి, తడి తువ్వాలు తల మీదేసి, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది. లేస్తానంటే, "లేవకు తమ్మా, కొండ ఎక్కడికీ పోదు" అంది.

ఆ రాత్రి వాళ్లతోనే ఉండిపోయాం. అవ్వ మూటలో జొన్నరొట్టెలు, కారప్పొడి, ఒక దుప్పటి, నీళ్లు. అంతే. తర్వాతి నీళ్లు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు, అందుకే మూట తేలిక. నాకు తెలియదు, అందుకే అక్కర్లేనివన్నీ మోశాను. మర్నాడు తెల్లవారుజామునే భీముని కొలను దాటి, నిటారు మెట్లెక్కి కైలాసద్వారం చేరాం.

కాబట్టి ఫ్రెండ్స్, నేను నేర్చుకున్నవి చెప్తాను. మజిలీల లిస్ట్ కాగితం మీద రాసుకోండి, ఫోన్‌ని నమ్ముకోవద్దు. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ఎండలో ఎవరికైనా మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. ఒళ్లు చల్లబరుస్తూ ఆస్పత్రికి చేర్చాల్సిందే. నల్లమల పులుల అడవి. శివరాత్రి, ఉగాది సమయంలో అటవీ శాఖ అనుమతించినప్పుడే, గుంపుతోనే వెళ్లండి. నిప్పు పెట్టొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు.

ప్రాక్టీస్‌కి మనకి మౌలాలి గుట్ట ఉంది, 400కు పైగా మెట్లు. రైలెక్కితే భువనగిరి కోట ఉంది. బ్యాగ్ వేసుకుని ఎక్కి దిగండి. దిగేటప్పుడే మోకాళ్ల సంగతి తెలుస్తుంది.

అండోరా చేయగలమా అంటే, తప్పకుండా చేయగలం. కానీ మిట్టమధ్యాహ్నం ఆగడం నేర్చుకున్నాకే వెళ్లండి. మావాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఈ వీడియో తీస్తున్నది వాడే. ఉంటాను మరి!